కళ్లు మిగిలిన బొమ్మ

"నా కండ్లేవి?"

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే పొద్దుటి బస్సులో, రోజూ ఎడపల్లిలో ఎక్కే జ్యోతిరాణి పరమేశ్వర్‌తో అన్న మొదటి మాట అది. బస్సు కుదుపుకు అతని ఒళ్లోని అట్ట జారి ఎదురు సీట్లో ఉన్న ఆమె కాళ్ల దగ్గర పడింది. అట్ట మీది కాగితంలో ఆమే ఉంది. జడ, చెవి పోగు, గాలికి చెదిరిన ముంగురులు, అన్నీ ఉన్నాయి. కళ్ల చోటు మాత్రం తెల్లగా ఉంది.

"అడగకుంట గీసుడే తప్పు. మళ్ల గుడ్డిదాన్ని చేస్తరా?"

పరమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. "అడగకపోవుడు తప్పే మేడం. మా ఇంట్ల గణపతులు చేస్తం. కండ్లు ఆఖరికే పెడతం. ఎదురుంగ చూసి పెట్టాలె, అందాజ మీద పెట్టద్దంటడు మా బాపు."

"రోజూ ఎదురుంగనే ఉంటున్న గద!"

"ఉంటున్నరు. తల ఎత్తుత లేరు."

పక్కన జామపండ్ల గంపతో కూర్చున్న రాములవ్వ పకపకా నవ్వింది. "నిజమే పిల్లా. నువ్వు ఫోన్ల తల పెడతవు, వీడు కాయితంల పెడతడు. మీ ఇద్దర్ని చూసుడు నా పనైంది."

ఆ బొమ్మ సాయంత్రంలోగా లైబ్రరీలో ఇవ్వాలి. అక్కడి ఎగ్జిబిషన్‌కు ఎంపికైతే సరే, లేకుంటే మనుషుల బొమ్మలు మాని ఇంటి షెడ్డులో గణపతుల అచ్చులు పోయాలని తండ్రి తేల్చి చెప్పాడు. పరమేశ్వర్ అదంతా దాచకుండా చెప్పాడు.

"ఇంతకు ఫోన్ల ఏం చేస్తరు మీరు?"

"కథ రాస్తున్న."

"ఎవరి మీద?"

జ్యోతిరాణి కిటికీ వైపు తిరిగింది. "బస్సుల బొమ్మలు గీసే ఒకాయన మీద. ఆగిపోయింది. ఆయన మనుషుల దిక్కు ఎట్ల చూస్తడో తెలుస్తలేదు."

"అడగకుంట రాసిండ్రా?" అన్నాడు పరమేశ్వర్.

ఈసారి ఎర్రబడే వంతు ఆమెది.

కొంత దూరం పోయాక చెరుకు ట్రాక్టర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. డ్రైవర్ తిట్టాడు, కండక్టర్ దిగాడు. కుదుపు లేని బస్సు దొరకడం కూడా ఒక వరమే.

"ఇప్పుడు అడుగుతున్న. గీయొచ్చా?"

ఆమె ఫోన్ సంచిలో పెట్టి తల ఎత్తింది.

ఒక కన్ను పూర్తయ్యేసరికి ట్రాక్టర్ తప్పుకుంది. తర్వాత దారంతా గుంతలే. నిజామాబాద్ బస్టాండులో అందరూ దిగారు. జ్యోతిరాణి పనిచేసే బట్టల షాపు తెరిచే వేళయింది. ఆమె నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"ఒంటి కన్నుతోని ఇయ్యకుర్రి. లేటయితదని షాపుకు ఫోన్ చేస్త."

రాములవ్వ ఆమె ఒళ్లో ఒక జామపండు పెట్టి వెళ్లిపోయింది.

బొమ్మ ఎంపికైంది. ఎగ్జిబిషన్ రోజున పరమేశ్వర్ తండ్రి వచ్చి ఆ కళ్లకు ఎదురుగా వంగి చూశాడు. చేతికి ఇంకా సున్నం మరకలున్నాయి.

"ఇవి అందాజ మీద పెట్టిన కండ్లు కావురా," అన్నాడు. "ఏ ఊరు పిల్ల?"

పరమేశ్వర్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఎడపల్లి, బాపు," అంది వెనక నుంచి జ్యోతిరాణి. ఆ మాట ఆమె తల ఎత్తే చెప్పింది.