పంక్చర్ తాత కొట్లో పడ్డ రాయి

పెనం ఇంకా వెచ్చగా ఉంది. పాత బనీను ముక్కతో దానికి నూనె రాస్తోంది ఠాణా. అంచుల దాకా, పలచగా. ఇనుప పెనం తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. అందుకే భోజనాలయ్యాక కడగడం అన్నయ్య వంతు, నూనె రాయడం ఠాణా వంతు.

ఠాణా అసలు పేరు బడి రిజిస్టర్లోనే ఉంది. ఇంట్లో పెన్సిల్ కనబడకపోయినా, డబ్బాలో ఒక్క బిస్కెట్ తగ్గినా అందర్నీ వరసగా నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది. "పోలీస్ ఠాణా మనింట్లోనే ఉంది" అన్నాడు అన్నయ్య ఒకసారి. ఆ పేరే స్థిరపడిపోయింది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో పంక్చర్ తాత నిలబడి ఉన్నాడు. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఆయనది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో నిమ్మకాయంత నల్లటి రాయి.

"అమ్మా, నువ్వు ల్యాబ్‌లో రాళ్ళు పరీక్ష చేస్తావటగా. నిన్న ఇది నా కొట్టు పైరేకుకి చిల్లు పెట్టి లోపల పడింది. ఆ చప్పుడుకి నా చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయి."

అమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చింది. "చేత్తో ముట్టుకున్నారా, బాబాయ్‌గారూ?"

"లేదమ్మా. ఇట్లాంటివి ముట్టుకోకూడదని ఎక్కడో విన్నాను. కొత్త ట్యూబు కవరు తిరగేసి, దాంతోనే పట్టి తీశాను. రాత్రి వానకి ఆ చిల్లులోంచి కాస్త తడిసింది. అంతే."

ఆయన చెప్పిందల్లా అమ్మ కాగితం మీద రాసుకుంది. రాయిని కవరుతోనే ఒక స్టీలు డబ్బాలో పెట్టింది. "రేపు ల్యాబ్‌కి తీసుకెళ్తాను. అందాకా దీన్ని ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు" అని చెప్పి, తాతని సాగనంపడానికి గేటు దాకా వెళ్ళింది.

ఠాణా డబ్బా మూత తీసి చూసింది. రాయి ఒక పక్క పెచ్చు ఊడి ఉంది. అక్కడ గోధుమరంగు చుక్కలు కనిపించాయి. తుప్పు.

అయ్యో, తడిసింది కదా, అనుకుంది ఠాణా. అమ్మ చేత్తో ముట్టుకోవద్దంది. చేత్తో ముట్టుకోలేదు. బనీను ముక్కతో పట్టుకుని, పెనానికి రాసినట్టే పలచగా రాసి, మళ్ళీ కవర్లో పెట్టేసింది. చేతులు కడుక్కునేసరికి ఆ సంగతి మర్చిపోయింది. పెనానికి నూనె రాసింది మనం గుర్తుపెట్టుకుంటామా?

పది రోజుల తర్వాత అమ్మ ల్యాబ్ నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి కూర్చుంది.

"ఏమైందమ్మా? అది ఆకాశం రాయి కాదా?" అడిగాడు అన్నయ్య.

"ఆకాశం రాయే. లోపల ఇనుము రవ్వలున్నాయి. అందులో నికెల్ ఎక్కువగా ఉంది. కోసి చూస్తే ఆవగింజలంత గుండ్రటి పూసలు. ఒక గ్రహశకలం నుంచి విరిగిన ముక్క అది. భూమి కంటే పెద్దది."

"తాత కొట్లో పడింది భూమి కంటే పెద్దదా?"

"వయసులోరా. ఒకప్పుడు సూర్యుడి చుట్టూ దుమ్మే ఉండేది. ఆ దుమ్ము ముద్దలు ముద్దలుగా చేరి గ్రహాలైంది. భూమి బాగా కాలి కరిగిపోయింది. బరువైన ఇనుము చాలావరకు అడుక్కి దిగిపోయింది. కాల్చేసిన రొట్టెని చూసి, ముందు పిండిలో ఏమేం కలిపారో చెప్పగలవా? చెప్పలేవు. కొన్ని గ్రహశకలాలు కూడా అలాగే కరిగాయి. ఈ రాయి వచ్చింది మాత్రం కరగలేదు. అంటే ఇది పొయ్యి ఎక్కకముందే పక్కన తీసిపెట్టిన గుప్పెడు పిండి. గ్రహాలు దేంతో తయారయ్యాయో ఇది చెబుతుంది."

"మరి సంతోషమేగా. మొహం అలా పెట్టావేం?" అంది ఠాణా.

అమ్మ నిట్టూర్చింది. "కార్బన్ లెక్క కుదరడం లేదు. రాయిలో ఉండాల్సింది కాక పైపైన ఇంకోటి అంటుకుని ఉంది. అది భూమ్మీదిదే. ఎవరో ముట్టుకున్నారు. మా పెద్ద మేడం ఏమంటోందంటే, ముట్టుకోలేదన్నది అబద్ధమైతే, ఒక్కరాత్రే తడిసిందన్నదీ అబద్ధమే కావచ్చు, ఎప్పుడు పడిందో ఎక్కడ పడిందో కూడా ఆయన మాట మీద రాయలేం అని. శుక్రవారం రిపోర్టు పంపాలి. అందులోంచి తాత చెప్పినదంతా కొట్టేసి, 'దొరికిన తీరు తెలియదు' అని రాయమంది."

ఠాణా చెవులు నిక్కబొడుచుకున్నాయి. కార్బన్ అంటే మసి. మసి అంటే నలుపు. తాత చేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

మర్నాడు పొద్దున బడికి ముందే ఠాణా తన సైకిల్ బెల్లు మర వదులు చేసి, కొట్టుకి తోసుకెళ్ళింది. జేబులో చిన్న నోటుబుక్కు ఉంది.

కొట్టు ముందు సుద్దముక్కతో గీసిన బాణం ఉంది. 'ఆకాశం రాయి పడిన చోటు' అని రాసి ఉంది. పైన రేకులో చిల్లు, దాని కింద నేల మీద సుద్దగుండ్రం, గుండ్రంలో చిన్న గుంట. ఇద్దరు పిల్లలు వంగి చూస్తున్నారు. తాత ఒక చెయిన్‌కి గ్రీజు పెడుతున్నాడు.

ఠాణా వెనక్కి తిరిగి నోటుబుక్కులో రాసుకుంది: చేతులకి గ్రీజు. గోడకి గ్రీజు. టీ గ్లాసుకి కూడా.

"బెల్లుకేమైంది, మనవరాలా?" తాత తలెత్తకుండానే అడిగాడు.

'కళ్ళలోకి చూడడం లేదు' అని రాసుకుంది ఠాణా. ఆయన చూపు చెయిన్ మీద ఉందని రాసుకోలేదు.

"మోగడం లేదు తాతా. మీరు నిజంగా రాయిని ముట్టుకోలేదా? ఒక్క వేలు కూడా?"

తాత చేతులు ఆగాయి. "మీ అమ్మ అడగమందా?"

"లేదు. నేనే."

"ముట్టుకోలేదు" అన్నాడు. బెల్లు మర బిగించి, ఒకసారి ట్రింగుమనిపించాడు. "మరలు వాటంతటవే ఇంత వదులు కావు" అన్నాడు. మళ్ళీ చెయిన్ అందుకున్నాడు.

బెదిరిపోయాడు, అనుకుంది ఠాణా. బడిలో రెండో పీరియడ్ కాకముందే పక్కనున్న పిల్లకి, తాత గ్రీజు చేత్తో రాయి ముట్టుకుని అబద్ధమాడాడని చెప్పింది. మాట గోడ దూకడానికి ఎంతసేపు? సాయంత్రానికి క్లాసంతా పాకింది. బడి వదిలాక నలుగురు పిల్లలు కొట్టు ముందు నిలబడి, "గ్రీజు తాతా, గ్రీజు రాయి" అని పాట కట్టారు.

గురువారం ఒక్కపూటే బడి. ఠాణా ఇంటికి వెళ్తూ అటు చూసింది. సుద్దబాణం చెరిపేసి ఉంది. రేకు చిల్లు మీద కొత్త రేకు ముక్క బిగించి ఉంది. కొట్లో వెలుతురు తగ్గింది. తాత తలవంచుకుని పని చేసుకుంటున్నాడు. ఠాణా తన కేసు గెలిచింది. మరి గెలిచినట్టు ఎందుకు లేదో నోటుబుక్కులో ఎక్కడా రాసి లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ త్వరగా ఇంటికి వచ్చింది. వంటింట్లో అన్నయ్య పెనం కడుగుతున్నాడు. ఠాణా బనీను ముక్క పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"అది గ్రీజు కాదు" అంది అమ్మ, మంచినీళ్ళు తాగి. "రెండోసారి పరీక్ష చేశాం. గ్రీజు గుర్తులు వేరేగా ఉంటాయి. ఇది మొక్క గింజల్లోంచి తీసిన నూనె. వంటనూనె."

"తాత కొట్లో వంట చేస్తాడా?" అన్నాడు అన్నయ్య. "టైర్లు వేయిస్తున్నాడేమో."

"ఇంకోటి కూడా దొరికింది. కొత్త ట్యూబులకి చల్లే పౌడరు. ట్యూబు కవరు తిరగేసి పట్టుకున్నాను అన్నాడుగా, ఆ మాట నిజమే. మరి నూనె ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కావడం లేదు. రేపు వెళ్ళి గట్టిగా అడగాలి. ఇంటికి తీసుకెళ్ళాడేమో, వంటింట్లో పెట్టాడేమో."

అన్నయ్య కడిగిన పెనం అందించాడు. ఠాణా అందుకోలేదు. తన చేతిలో ఉన్న బనీను ముక్క వైపు చూస్తోంది. జిడ్డుగా, మెత్తగా, రోజూ ఉన్నట్టే ఉంది.

ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలీదు. ఎవరూ ఠాణాని ప్రశ్నించరు. ప్రశ్నలడిగేది తనే కదా.

"అమ్మా" అంది. "తుప్పు పట్టింది."

"పెనమా?"

"రాయి. నేను చేత్తో ముట్టుకోలేదు. దీంతో పట్టుకుని రాశాను." బనీను ముక్క ముందుకు చాపింది.

అన్నయ్య నోరు తెరిచాడు. ఏదో జోకు వేయబోయి, చెల్లెలి మొహం చూసి మానేశాడు.

అమ్మ ఆ గుడ్డ తీసుకుని వాసన చూసింది. తర్వాత కుర్చీ లాగి, కూతురి ఎత్తుకి కూర్చుంది.

"ఎందుకు రాశావు?"

"పాడైపోతుందని."

"నన్ను అడగాల్సింది."

"ఊఁ." ఠాణా కళ్ళు తుడుచుకుంది. "రాయి మొత్తం చెడిపోయిందా?"

"పైన చెడింది. లోపలి దాకా నూనె దిగి ఉండదు. మధ్యలోంచి ముక్క కోసి మళ్ళీ కొలవాలి. వారం పడుతుంది. రిపోర్టు ఆపి, తాత మాట ఎలా చెప్పాడో అలాగే ఉంచుతాను. నూనె మా ఇంట్లోనే అంటిందని కూడా రాస్తాను." అమ్మ ఫోన్ అందుకుంది. "ముందు ఆయనకి చెప్పాలి. పాపం, ఆ చిల్లు ఎందుకు మూశాడా అనుకున్నాను."

అది ఎందుకు మూశాడో అమ్మకి తెలీదు. ఠాణాకి తెలుసు.

ఠాణా అమ్మ చేతిలోంచి బనీను ముక్క మెల్లగా తీసుకుంది. నంబరు నొక్కబోయిన అమ్మ, కూతుర్ని చూసి, ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

ఠాణా బడి సంచీ తెరిచింది. పెన్సిల్ డబ్బాలోంచి సుద్దముక్క తీసి జేబులో వేసుకుంది. నోటుబుక్కు సంచీలోనే ఉండిపోయింది. వసారాలో సైకిల్ గోడకి ఆనించి ఉంది. బెల్లు బిగుతుగానే ఉంది. దాన్ని దాటుకుని వెళ్ళి చెప్పులు వేసుకుంది.

ఒక చేతిలో నూనెగుడ్డ, జేబులో సుద్దముక్క. గేటు తీసుకుని, వీధి చివర తాత కొట్టు వైపు నడిచింది.