నాలుగో కూతురు పేరు

మా ఇంట్లో గుర్రాలకు కూడా పేర్లు రాసిపెట్టేవాళ్ళు. ఆడపిల్లలకు మాత్రం లెక్కే. మూడువందల ఏళ్ళ వంశవృక్షం ఒక తోలుచుట్ట మీద ఉంది. ప్రతి ప్రభువు కిందా కొడుకుల పేర్లు, తేదీలు. ఆ తర్వాత ‘మరియు ముగ్గురు కుమార్తెలు’ అని ఒక్క ముక్క. నాన్న పోయాక బిరుదూ, ఇల్లూ, ఆ చుట్టా అన్నీ, చిన్నాన్న కూడా లేడు కాబట్టి, ఆయన కొడుకు రోలండ్‌కి దక్కాయి. నేను ‘మరియు ఒక కుమార్తె’ని.

చుట్టను అచ్చుకు తీసుకెళ్ళడానికి అతను ఐదింటికి వస్తానన్నాడు. అచ్చులో పడితే ఇక ఎవడూ కాదనలేడు. అందుకే భోజనం కాగానే లైబ్రరీలో కూర్చుని, సమాధి రాళ్ళ మీదా పాత ఉత్తరాల్లోనూ ఏరుకొచ్చిన పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాను. హారియట్. లెటీషియా. రాసినప్పుడల్లా వెనక ఎవరో పట్టుబట్ట సర్దుకుని కూర్చున్న చప్పుడు. తిరిగి చూసే తీరిక నాకు లేదు.

ముత్తాత దగ్గర చిక్కొచ్చింది. కూతుళ్ళు నలుగురు. దొరికినవి మూడు పేర్లే.

ఇంటి పెత్తనం చూసే మిసెస్ గెడ్జ్ టీ తెచ్చి, చుట్ట వంక చూసి గొంతు తగ్గించింది.

“నాలుగో ఆవిడ జోలికి పోకండి అమ్మగారూ. ఆమెకు సమాధి కూడా లేదు.”

“అయితే ఇక్కడైనా ఉండనీ.”

“మీకు పుణ్యముంటుంది... వద్దు.”

ఆమె వెళ్ళగానే గది చల్లబడింది. తడి ఉన్ని వాసన. నా చెవి పక్కనే ఊపిరి... భయమేసింది, దాచుకోవడం దేనికి? కానీ భయం కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

“పేరు చెప్పు,” అన్నాను. “రాస్తాను.”

ఆ ఊపిరే మాటగా మారింది. “తియోడోసియా.”

రాశాను.

రోలండ్ వచ్చాడు. చదివి పకపకా నవ్వాడు.

“ఇదేమిటక్కా, వంశవృక్షమా, కుట్టుపని సంఘం జాబితానా?”

“మన ఇంటి ఆడపడుచులు. ముట్టుకున్నావంటే ఊరుకోను.”

“రెండు నెలల్లో నాకు వారసుడు పుడతాడు. వాడికి ఈ కంగాళీ ఇస్తానా?”

తోలు మీద తప్పుని కొట్టెయ్యరు, గీకేస్తారు. జేబులోంచి చిన్న కత్తి తీసి తియోడోసియా పేరు మీద ఆనించాడు. ఒక గీకు. పేరు చెక్కుచెదరలేదు. ఇంకొకటి...

ఆగిపోయాడు.

అతని పేరు కింద ఖాళీలో తడి సిరా మెరిసింది. తియోడోసియా. పక్కన పుట్టిన తేదీ. రేపటిది.

“నువ్వే... నువ్వే రాశావు!”

“నా చేతులు నీ కళ్ళముందే ఉన్నాయి కదరా.”

తేదీ పక్కన చిన్న అడ్డగీత. ఆ గీత అవతల, చావు తేదీ రాసే చోట, మేం చూస్తుండగానే, ఇంకో అంకె మొదలైంది.

“కత్తి కింద పెట్టు రోలండ్.”

పెట్టేశాడు. అంకె సగంలో ఆగింది.

పేర్లన్నీ అచ్చయ్యాయి. మర్నాడు ఆడపిల్లే పుట్టింది. పదకొండేళ్ళొచ్చాయి దానికి, చక్కగా గుర్రమెక్కుతుంది. చుట్టను ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే దాస్తున్నాను. ఆ సగం అంకె సిరా ఇప్పటికీ తడిగానే ఉంది.