చక్రం నేల విడిచిన వేళ

అసురసంధ్య! పగలు చచ్చి, రాత్రి ఇంకా పుట్టని ఘడియ... పడమటి ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా నల్లబడుతోంది. ఎక్కడో ఉరిమింది. కూలిన గోడ మీద గుడ్లగూబ ఒకటి రెప్ప వేయకుండా వీధి చివరికే చూస్తోంది. అక్కడ... అద్దాల నిండా దుమ్ముతో, గాలి పోయిన టైర్లతో, ఒక నల్లకారు ఏళ్ల తరబడి పడి ఉంది.

దాని ముందు పోలీసు క్రేన్ వచ్చి ఆగింది. దిక్కు లేకుండా రోడ్ల మీద వదిలేసిన బళ్లన్నిటినీ పొద్దుటి నుంచి ఎత్తుకుపోతున్న క్రేన్ అది. నడిపేవాడు మాత్రం ఇప్పుడు మీటలు వదిలేసి కూర్చున్నాడు.

"ఇదొక్కటీ వదిలేద్దాం సార్," అన్నాడు డ్రైవర్, ఎస్సై ముఖం చూడకుండా.

"పోయినసారీ ఇదే పాట. అందరి బళ్లూ లాక్కొచ్చావు, ఇదేమన్నా మీ తాతగారి రథమా?"

కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. "పాపం సార్, వదిన పుట్టింటికెళ్లి నెల దాటింది. అన్నకి వేళకి తిండి లేక కళ్లు తిరుగుతున్నట్టున్నాయి."

ఆ పుట్టింటి మాట డ్రైవర్ చెప్పిన అబద్ధం. అతని భార్య ఈ వీధిలోనే, నాలుగిళ్ల అవతల, కిటికీలన్నీ మూసిన గదిలో ఉంది... నోటికి నల్లగుడ్డతో!

ఒక సాయంత్రం ఈ కారు పక్కగా నడిచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెలో ఎవరో చేరారు. పొద్దు వాలగానే కనుగుడ్లు పైకి తేలేవి. తనది కాని గొంతుతో "ఎత్తు!... ఎత్తు!" అని గోడలదిరేలా అరిచేది. ఇరుగుపొరుగు వింటారని అతను టీవీ గట్టిగా పెట్టేవాడు. చివరికి ఈ కారు వెనక రేకుల షెడ్డులో ఉండే మాంత్రికుడి కాళ్ల మీద పడ్డాడు.

"పొద్దు వాలితే దాని నోరు తెరవనీయకు," అన్నాడు వాడు. "ఆ కారు జోలికి పోకు. చక్రం నేల విడిచిందా... నీ పెళ్లాం ప్రాణం విడుస్తుంది!"

ప్రాణభయమే అనుకున్నాడు అతను. కానీ గుడ్డ బిగించిన ప్రతిసారీ ముందు గుర్తొచ్చింది పక్కింటి వాళ్ల కిటికీ.

"ఎత్తవోయ్!" ఎస్సై గద్దించాడు.

షెడ్డు తలుపు భళ్లున తెరుచుకుంది. ఒంటి నిండా బూడిదతో మాంత్రికుడు బయటికి వచ్చాడు. "ఏరా! నీ చేత్తో నీ పెళ్లాం నోటికి కట్టిన గుడ్డ మర్చిపోయావా?"

కానిస్టేబుల్ నవ్వు ఆగిపోయింది. "వదిన... ఇక్కడే ఉందా అన్నా?"

అంతలో వీధిలో తలుపు విరిగిన చప్పుడు... జుట్టు విరబోసుకుని, మెడలో చిరిగిన నల్లగుడ్డతో, ఆమె పరుగెత్తుకొచ్చింది! "ఎత్తు!... ఎత్తు!"

డ్రైవర్ కిందికి దూకాడు. అలవాటైన చేయి... ఆమె నోరు మూసింది. అరచేతికి తడిగా తగిలింది. గుడ్డ కోసుకుపోయి పెదవుల చివర్లు పగిలి ఉన్నాయి. ఆమె చూపు అతని మీద లేదు. క్రేన్ కొక్కెం మీద ఉంది! అప్పుడు తెలిసింది అతనికి. అది పిచ్చికేక కాదు. బళ్లు ఎత్తేవాడితో చెబుతున్న మాట!

చేయి తీశాడు.

"ఈ కారు నాది," అంది ఆమెలోని గొంతు. "ఈ మాంత్రికుడు నన్ను ఇందులోనే చంపాడు. నా తల సీటు కింద ఉంది. చక్రాలు ఈ నేలను అంటుకుని ఉన్నంత కాలం నేను వీడి బానిసను... ఎత్తు!"

అతను క్రేన్ ఎక్కాడు. గొలుసులు బిగుసుకున్నాయి. మాంత్రికుడు మంత్రం జపిస్తూ పుర్రె కోసం కారులోకి దూకాడు... చక్రాలు నేల విడిచాయి! దడేల్!... నాలుగు తలుపులూ వాటంతటవే మూసుకున్నాయి. పిడుగు పడినంత వెలుగు! వాడి చేతుల్లోని పుర్రె దవడలు విప్పింది. ఒక్క ఆర్తనాదం... తర్వాత అద్దాల నిండా పొగ.

కారు దించి తలుపు బద్దలు కొట్టేసరికి సీటు మీద పుర్రె ఒక్కటే ఉంది. దాని కింద పిడికెడు బూడిద. గుడ్లగూబ ఎగిరిపోయింది.

భార్య రోడ్డు వారన కూర్చుని, కానిస్టేబుల్ ఇచ్చిన నీళ్లు మెల్లగా తాగుతోంది. పెదవులు మండుతున్నట్టున్నాయి.

"అయిపోయింది," అన్నాడు డ్రైవర్. "ఆవిడ వెళ్లిపోయింది. ఇంక అరుపులుండవు."

ఆమె సొంత గొంతు పేలవంగా పలికింది. "అన్నీ ఆవిడ అరుపులే అనుకున్నారా? కొన్ని నావి... గుడ్డ విప్పమని."

ఎంతెంత బరువులో ఎత్తినవాడు, ఆమె ముందు తల ఎత్తలేకపోయాడు.