మాటుగదిలో సాక్షి

అడవి పార్కులో, చెరువు గట్టున, పక్షుల్ని చూడ్డానికి కట్టిన చెక్క మాటుగది ఒకటుంది. పగలు అందులో దోమలు తప్ప ఎవరూ ఉండరు. పొద్దు వాలాక మాత్రం ఎవరో ఉంటారని ఊరంతా అంటుంది. ఒంటరిగా కూర్చుంటే చాలట — బల్ల ఎడమ కొస కిర్రుమంటుంది... ఆ తర్వాత చెవి పక్కన గుసగుస.

"విన్నావా?"

ఆ ఒక్క మాటకే పార్కు గార్డు చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఒకరినొకరు వదిలేసి పరిగెత్తింది.

మన పోస్టుమాస్టరు దెయ్యాల్ని నమ్మడు. రిటైరయ్యాక ఆయన నమ్మేది తన పక్షుల లెక్క ఒక్కటే. రెండొందల తొంభై తొమ్మిది రకాలు అయ్యాయి. మూడొందలు పూర్తి చేసినవాళ్ళ పేర్లు పక్షుల క్లబ్బులో బోర్డు మీద తెల్ల రంగుతో రాస్తారు. ఆ బోర్డు మీద ఆయన బావమరిది పేరు ఆరేళ్ళుగా ఉంది. మందుల షాపు నడిపే ఆ బావమరిది క్లబ్బుకి కార్యదర్శి కూడా. భోజనానికి వచ్చినప్పుడల్లా "ఇంకా తొంభై తొమ్మిదేనా, బావా?" అని ఎంతో ప్రేమగా అడుగుతాడు.

మూడొందలవది ఎర్రచెవుల గూబ అయ్యేలా ఉంది. అది ఏడాదికో రెండేళ్ళకో, చీకటి పడే వేళ, అవతలి గట్టు చెట్లలో మూడుసార్లు కూసి ఊరుకుంటుంది. కంటికి కనబడదు. కూత విన్నా లెక్కలోకి వస్తుంది గానీ, క్లబ్బు నియమం ఒకటుంది. ఇంకో సభ్యుడు కూడా ఆ కూత విని, మాటుగదిలో మేకుకి వేలాడే రిజిస్టర్లో సాక్షి సంతకం పెట్టాలి. పక్షుల వాళ్ళు అబద్ధాలాడరు. ఒకరి మాట ఒకరు నమ్మరు, అంతే.

ఆ చలికాలం ఒక సాయంత్రం, దెయ్యం భయంతో ఏ సభ్యుడూ తోడు రాకపోతే, పోస్టుమాస్టరు ఒక్కడే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. మాటుగదిలో టార్చి వెయ్యకూడదు, తల తిప్పకూడదు, గొంతు పెంచకూడదు. దెయ్యానికి ఇంతకన్నా సౌకర్యమైన చోటు దొరకదు.

చీకటి చిక్కబడింది... చెరువు మీద గాలి ఆగింది. బల్ల ఎడమ కొస కిర్రుమంది.

ఆయన తల తిప్పలేదు.

అవతలి గట్టు నుంచి కూత — ఒకటి... రెండు... మూడు.

చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది. "విన్నావా?"

ఇంకొకరైతే అక్కడే గుండె ఆగి పోయేవారు. పోస్టుమాస్టరుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. సాక్షి దొరికాడు! ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ పార్సిలూ ఇంత సమయానికి చేరలేదు.

"విన్నానండి," అన్నాడు, చూపు చెరువు మీంచి తియ్యకుండానే. "మీరు సభ్యులేనా?"

"మొదటి నుంచీ."

రిజిస్టరు అందుకుని, అలవాటైన చేత్తో చీకట్లోనే రాసి, పక్కకి జరిపాడు. పెన్సిలు గీసిన చప్పుడైంది. తర్వాత కాగితాలు వెనక్కి తిప్పుతున్న చప్పుడు — చాలాసేపు. పుస్తకం తిరిగి ఆయన ఒళ్ళోకి వచ్చింది. మంచుగడ్డలాంటి వేలొకటి ఆయన చేతిని ఒక గడి మీదికి నడిపించింది.

"నాదీ ఒకటుంది. ఇక్కడ..."

ముప్ఫై ఏళ్ళు కౌంటరు ముందు జనాన్ని "చదివి సంతకం పెట్టండి" అని విసుక్కున్న మనిషి, చదవకుండా సంతకం పెట్టేశాడు.

మర్నాడు పోస్టుమాస్టరు క్లబ్బుకి పట్టుకొచ్చిన రిజిస్టరు చూసి బావమరిది కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు.

"బావా... ఈ సాక్షి సంతకం మన క్లబ్బు పెట్టిన పెద్దాయనది. పదకొండేళ్ళ కింద ఆ బల్ల మీదే పోయాడు."

పోస్టుమాస్టరు పట్టు వదల్లేదు. "సాక్షి బతికుండాలని నియమాల్లో ఎక్కడుంది?"

"రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకున్నారు? ఇవాళే రాయిస్తాను."

రాయించాడు కూడా; బావ రాసిన గూబని లెక్కలోంచి కొట్టేశాడు. ఆ తర్వాత తీరిగ్గా పేజీలు వెనక్కి తిప్పాడు. పదకొండేళ్ళ కిందటి తేదీ. ఎర్రచెవుల గూబ, పెద్దాయన చేతిరాతలో. అది ఆయన మూడొందలవది. సాక్షి దొరక్క, మళ్ళీ కూస్తుందేమోనని రోజూ అక్కడే కూర్చుని, అలాగే పోయాడు. పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ సాక్షి గడిలో ఇప్పుడు పోస్టుమాస్టరు గుండ్రటి సంతకం ఉంది.

"నీదేనా, బావా?"

కాదంటే అబద్ధం. పొరపాటంటే, చూడకుండా పెట్టానని ఒప్పుకోవాలి. ఆ మాట పోస్టాఫీసు నోటికి రాలేదు.

ఆ ఆదివారం బోర్డు మీద పెద్దాయన పేరు ఎక్కింది. చచ్చి పదకొండేళ్ళయ్యాక కూడా క్యూలో ముందుకి దూరాడు. అందరితో పాటు పోస్టుమాస్టరూ చప్పట్లు కొట్టాల్సొచ్చింది.

అప్పటినుంచి మాటుగదిలో గుసగుస ఆగిపోయింది. పని అయిపోయినవాడు ఎందుకుంటాడు? పోస్టుమాస్టరు మాత్రం రోజూ వెళ్తున్నాడు. బావమరిదిని రమ్మంటే బీపీ ఉందన్నాడు. భార్య జాలిపడింది.

"పోనీ, నేనొచ్చి కూర్చోనా?"

"నువ్వు సభ్యురాలివి కాదుగా."

రెండు చలికాలాలు పోయాయి. ఒక సాయంత్రం, క్లబ్బులో కొత్తగా చేరిన డ్రైవింగు మాస్టారొకాయన తడుముకుంటూ మాటుగదిలోకి వచ్చి, బల్ల కుడి కొసన కూర్చున్నాడు. లోపల ఇంకొకరున్నారని ఆయనకి తెలీదు. పోస్టుమాస్టరు ఊపిరి బిగబట్టాడు. పలకరిస్తే గూబ బెదురుతుందేమో...

ఒకటి... రెండు... మూడు.

ఇక ఆగలేకపోయాడు. బల్ల కిర్రుమనేలా పక్కకి జరిగి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"విన్నావా?"

తలుపు దభాలున కొట్టుకుంది. గట్టు పొడుగునా గేటు దాకా పరుగు చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

రిజిస్టరు ఒళ్ళో తెరుచుకునే ఉంది. తను ఇన్నాళ్ళూ కూర్చుంటున్నది ఎడమ కొసనని పోస్టుమాస్టరు అప్పుడే గమనించాడు. పెద్దాయన మీద కోపం పోయి, జాలేసింది. అక్కడ కూర్చోవడానికి మొదటిసారి భయం కూడా వేసింది.

మర్నాడు ఊరంతా చెప్పుకున్నారు — మాటుగదిలో దెయ్యం మళ్ళీ మొదలైందట.