అద్దెకిచ్చిన పేరు

గారెట్ స్ట్రౌడ్ కూర్చోమనకముందే కూర్చున్నాడు. అతని వెనకే మెట్లెక్కి వచ్చిన ఒడెస్సా టార్ప్లీకి డిటెక్టివ్ పెట్వే రెండుసార్లు కుర్చీ చూపించినా ఆవిడ నిలబడే ఉంది. అరవయ్యేళ్ళ మనిషి. చేతిసంచిని పొట్టకి అదుముకుని, ఆ గదిలో తనకేం పని లేనట్టు నేల చూస్తోంది.

అది 1986 ఏప్రిల్. బర్మింగ్‌హామ్‌లో ఓ బార్బర్ షాపు మీది గదే ఆంబ్రోస్ పెట్వే ఆఫీసు. ఆయన సహాయకురాలు వర్లీన్ నోట్‌బుక్ తెరిచింది.

"ఒడెస్సా లారీల కంపెనీ మీద సిటీ ఆఫీసుకి ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఎవడో ఏంటి, వాడే! క్లియోఫస్ రడ్ అని మా డ్రైవరు. సోమవారం పదింటికి విచారణ. ఈలోగా నాకు రుజువు కావాలి. వాణ్ణి కోర్టుకి లాగుతా. అలబామాలో ఏ యార్డులోనూ వాడికి స్టీరింగ్ దొరక్కుండా చేస్తా," అన్నాడు స్ట్రౌడ్.

"కంపెనీ ఈవిడదంటున్నారు. కోర్టుకి లాగేది మీరా?" అడిగాడు పెట్వే.

"నేను సలహాదారుని. చెప్పు ఒడెస్సా, నేనన్నది నిజమేనా?"

"ఊఁ," అంది ఆవిడ.

తల్లి వయసు మనిషిని పట్టుకుని ఆ 'చెప్పు' ఏమిటని వర్లీన్‌కి ఒళ్ళు మండింది. పెన్సిల్ గట్టిగా నొక్కితే మొన విరిగింది.

ఆ ఊళ్ళో కొత్తగా వేస్తున్న రోడ్డుకి మట్టి తోలే పనిలో కొంత భాగాన్ని సిటీవాళ్ళు నల్లవాళ్ళ కంపెనీలకే కేటాయించారు. బళ్ళు కొనుక్కోవడానికి అప్పుకూడా ఇప్పించారు. వందేళ్ళు వాళ్ళని గేటు దగ్గరికి కూడా రానివ్వని పని అది. అందులో పెద్ద వాటా టార్ప్లీ కంపెనీకే వచ్చింది.

సిటీ ఆఫీసు పంపిన జిరాక్స్ కాపీని పెట్వే పైకి చదివాడు. టైపు చేసిన ఒక్క పేజీ.

'టార్ప్లీ లారీలు నల్లవారివి కావు. ముప్ఫై లారీలూ తెల్లవాడైన గారెట్ స్ట్రౌడ్‌వి. తలుపుల మీద అయస్కాంతం రేకులు అంటించి తిప్పుతున్నాడు. ఆమె పేరు అద్దెకి తీసుకున్నాడు. మా కోసం కేటాయించిన పని మావాడికి రాక, అతను నాలుగు లారీలూ అమ్ముకున్నాడు. తగు చర్య కొరకు గౌరవపూర్వకంగా సమర్పించడమైనది.'

అంతే. ఆ మాట కింద ఖాళీ. కాపీ అడుగు నుంచి అంగుళం పైన అడ్డంగా సన్నటి నల్లగీత ఒకటుంది. పెట్వే చదివినంతసేపు చదివి, ఆ గీతని దానికి రెట్టింపుసేపు చూశాడు. జిరాక్స్ మెషీన్ మురికేమో అనుకుంది వర్లీన్.

"నాలుగు లారీలు అమ్ముకున్నదెవరు?"

"రడ్డే. అందుకేగా వాడే అంటున్నా!" అన్నాడు స్ట్రౌడ్.

గురువారం పెట్వే, వర్లీన్ లారీల యార్డుకి వెళ్ళారు. వరసగా నిలబెట్టిన టిప్పర్లలో ఒకదాని తలుపు మీద 'టార్ప్లీ' అన్న రేకు అంచుని పెట్వే గోటితో లేపాడు. కింద పెయింటు మీద 'స్ట్రౌడ్ అండ్ సన్స్' అని నిక్షేపంగా ఉంది. రేకుని మళ్ళీ సర్దేశాడు.

ఏడో నంబరు బండి దగ్గర క్లియోఫస్ రడ్ టైర్లు తన్ని చూసుకుంటున్నాడు. ఏభైకి దగ్గరపడ్డ బక్కమనిషి.

"ఉత్తరం నువ్వే రాశావంటున్నారు బ్రదర్."

"నేను రాస్తే సంతకం పెట్టేవాణ్ణి. దాక్కుని కాపాడుకోడానికి నాకేం మిగిలిందని?"

"నువ్వూ టెండరు వేశావటగా?"

"వేశా. నావి నాలుగు బళ్ళు. ఆవిడవి కాగితమ్మీద ముప్ఫై. ఎవరికిస్తారు? రెండు నెలలు బ్యాంకుకి కట్టలేకపోయా, నాలుగూ పోయాయి. స్ట్రౌడే కొన్నాడు. ఇదిగో, ఈ ఏడో నంబరు నాదే. ఇప్పుడు దీనికి నేను కూలి డ్రైవర్ని," అని నవ్వాడు రడ్. ఆ నవ్వు చూసి వర్లీన్ తల తిప్పుకుంది.

"సిస్టర్ టార్ప్లీ మీద కోపం లేదా?"

"ఆవిడ మొగుడు నాకు లారీ తోలడం నేర్పాడండీ. ఆయన పోయాక ఒంటరి ఆడదని చూసి స్ట్రౌడ్ ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. నా పొట్ట కొడుతున్నానని తెలిసుంటే ఆవిడ పెట్టేది కాదు. అది నాకు తెలుసు."

ఆఫీసు గది కిటికీ తెరిచే ఉంది. లోపల ఒడెస్సా నిలబడి ఉంది. అంతలో స్ట్రౌడ్ బయటికొచ్చి చెయ్యి చాచాడు.

"తాళాలు ఇలా పడెయ్. విచారణ అయ్యేదాకా నీకు పని లేదు. ఆ తర్వాత అసలే ఉండదు."

రడ్ కిటికీ వైపు చూశాడు. ఒడెస్సా నేల చూస్తోంది. ఆయన తాళాలు ఇచ్చేసి, అన్నం డబ్బా తీసుకుని గేటు దాటి నడిచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పెట్వే సిటీ ఆఫీసుకి వెళ్ళి అసలు ఉత్తరం చూసి వచ్చాడు.

"కాగితం అంగుళం పొట్టిగా ఉంది వర్లీన్. అడుగున కత్తెరతో కత్తిరించారు. అదీ వంకరగా. కాపీ మీద గీత అదే."

"ఎందుకు కత్తిరించారు సార్?"

"అదే నా ప్రశ్న కూడా. ఆదివారం రడ్ వెళ్ళే చర్చికి వెళ్ళు. ప్రార్థన కాగానే పరిగెత్తుకు రాకు. కింద హాల్లో భోజనం పెడతారు. కూర్చుని తిను. విన్నదంతా రాసుకుని రా. నీ చెవులు నాకంటే మంచివి."

వర్లీన్‌కి ఆ మెప్పు రెండు రోజులకి సరిపోయింది.

న్యూ కనాన్ చర్చిలో రడ్, ఒడెస్సా ఇద్దరూ వాకిలి సేవకులే. తెల్ల బట్టలు, తెల్ల గ్లోవ్స్ వేసుకుని, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, కానుకల పళ్ళెం తిప్పడం వాళ్ళ పని. పని పోయినవాడైనా రడ్ నిటారుగా నిలబడి అందరికీ నవ్వుతూ చోటు చూపించాడు. వర్లీన్ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. కింద హాల్లో వేయించిన కోడి, కొల్లార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె తింటూ కూడా ఆయన్నే చూసింది. భోజనాల మధ్యలో సేవకుల సంఘం మీటింగు జరిగింది. ఇరవై రెండేళ్ళుగా సంఘానికి కార్యదర్శి అయిన ఒడెస్సా లేచి పోయిన నెల మినిట్స్ చదివింది.

"...హాజరైనవారు పదకొండుగురు. గ్లోవ్స్ ఉతికించవలెనని తీర్మానించడమైనది. గౌరవపూర్వకంగా సమర్పించడమైనది సిస్టర్ ఒడెస్సా టార్ప్లీ కార్యదర్శి."

చివరి ముక్క ఊపిరి తీసుకోకుండా ఒక్క గుక్కలో అనేసింది. అందరూ 'ఆమెన్' అన్నారు. వర్లీన్ అదీ రాసుకుంది, కోడి బాగుందనీ రాసుకుంది. చర్చి ఆఫీసులో పాత టైపు మెషీన్ ఒకటి ఉందన్న మాట కింద మాత్రం రెండు గీతలు గీసింది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి పెట్వే అందరినీ యార్డు ఆఫీసులో కూర్చోబెట్టాడు. రడ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ముందొక మాట. ఉత్తరంలో ఉన్నదంతా నిజం," అన్నాడు పెట్వే.

"నిన్ను పెట్టుకుంది దానికా?" స్ట్రౌడ్ మొహం కందగడ్డలా అయింది.

"నన్ను పెట్టుకున్నది టార్ప్లీ కంపెనీ. మీరు సలహాదారు. కూర్చోండి. పేరు చెప్పుకోవడం ఇష్టం లేనివాడు ఉత్తరం కింద కత్తెర పెట్టడమెందుకు? కత్తిరించాలంటే అక్కడ ఏదో ఉండాలి. కింద ఉండేది పేరు. దాచాలనుకున్న పేరుని తనే ఎలా కొట్టుకున్నాడు? అక్కడే ఆగిపోయాను. నిన్న వర్లీన్ రాసుకొచ్చింది చదివాక దారి దొరికింది."

వర్లీన్ నోరు తెరిచింది.

"ఆ చివరి వాక్యం రాసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. దాని దగ్గర ఆగలేనివాళ్ళు తక్కువ. నెలనెలా, ఇరవై రెండేళ్ళు, మినిట్స్ టైపు చేస్తూ అదే వాక్యం, దాని వెంటే తన పేరు. వేళ్ళకి అలవాటైపోయింది. చర్చి మెషీన్ మీద ఆ మాట కొట్టగానే వేళ్ళు మనసుని అడక్కుండా పేరు కూడా కొట్టేశాయి. అమ్మా, నేను చెప్పాలా, మీరు చెప్తారా?"

ఒడెస్సా చేతిసంచి కింద పెట్టింది.

"నేనే. మార్చిలో. నాకు టైపు రెండు వేళ్ళే వచ్చు. ఇది మాత్రం భయంతో ఆగి ఆగి నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని కొట్టా. ఆఖర్న నా పేరు చూసుకుని ఒళ్ళు చల్లబడిపోయింది. మళ్ళీ మొదట్నించీ కొడదామంటే... మళ్ళీ రాసే ధైర్యం రాదని నాకు తెలుసు. అందుకే కత్తిరించా."

"నీకు పిచ్చా? నీ కొంప నువ్వే కూల్చుకుంటావా!" స్ట్రౌడ్ కుర్చీ తన్నేసి లేచాడు.

"ఆ కొంప నాది కాదుగా గారెట్," అంది ఆవిడ. స్ట్రౌడ్ వకీలుకి ఫోను చేస్తానంటూ విసురుగా బయటికి పోయాడు. ఎవరూ ఆపలేదు.

రడ్ పెట్వే వైపు తిరిగాడు. "మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు కాదని శుక్రవారమే అనుమానం. నిన్న సాయంత్రం ఖాయం. ఆవిడే నోరు విప్పుతుందని ఈ పొద్దుటిదాకా ఆగాను. ఆ రాత్రంతా నువ్వు దొంగలా పడుకున్నావు. అది నా తప్పు," అన్నాడు పెట్వే తల దించుకుని. ఆయన తల దించడం వర్లీన్ అంతకుముందు చూడలేదు.

రడ్ తలుపు దగ్గర్నుంచి కదిలాడు. వచ్చి ఒడెస్సా ఎదురుగా నిలబడ్డాడు.

"నా బళ్ళు పోతాయని తెలిసే సంతకం పెట్టారా సిస్టర్?"

"తెలుసు క్లియోఫస్. టెండరు కాగితాల్లో నీ పేరు చూశా. చూసే పెట్టా."

"గురువారం వాడు తాళాలు లాక్కుంటుంటే కిటికీలో ఉన్నారు."

"ఉన్నా."

"నిన్న నా చేతికి కానుకల పళ్ళెం అందించారు."

"అందించా. పదింటికి విచారణలో అంతా చెప్పేస్తా. దేవుడి మీద ఒట్టు. జైలుకి పంపినా సరే. నువ్వు వస్తావా?"

రడ్ కళ్ళలో నీళ్ళు తిరిగినా తుడుచుకోలేదు.

"మీకు తెలిసే చేశారని మా ఆవిడ మొదట్నించీ అంటోంది. రెండేళ్ళు మీ తరఫున దాంతో దెబ్బలాడాను. ఓసారి చెయ్యి కూడా ఎత్తాను." ఆ చేతిని చూసుకున్నాడు. "వస్తాను. దాన్నీ తీసుకొస్తాను. ముందు వరసలో కూర్చోబెడతాను. ఆఫీసర్ల మొహం చూడొద్దు సిస్టర్. దాని మొహం చూస్తూ చెప్పండి."