ఎక్స్‌రేలో లేని స్క్రూ

పొద్దున్నే నీలం నగర్‌లో మగ్గాల చప్పుడు మొదలైంది. నమ్రత భర్త మంగేశ్ టీ తాగి కుంఠా నాకా దగ్గరి కార్ఖానాకు వెళ్ళిపోయాడు. నమ్రత అత్తగారి కాలికి పట్టీల బూటు తొడగబోతే, యమునాబాయి కాలు వెనక్కి లాక్కుంది.

తెగిన మడమ నరాన్ని ఎముకలోకి దూర్చి, డాక్టర్లు స్క్రూతో బిగించారు. మెల్లమెల్లగా ఒంట్లోనే కరిగిపోయే రకం. అది కరిగేలోగా నరం ఎముకకు అతుక్కుంటుందని, అందాకా ఆ కాలిమీద బరువు పడితే ఊడి వస్తుందని మరీ మరీ చెప్పి పంపారు. నిన్న తీసిన ఎక్స్‌రేను పక్కింటి అంజమ్మ వెలుతురుకు పట్టి చూసింది. తన కాలి ఫొటోలో స్టీలు స్క్రూలు తెల్లగా మెరుస్తాయట, ఇందులో ఏమీ లేదేమని అడిగి, నిప్పు రాజేసి మరీ వెళ్ళింది.

"ఫొటో అంత ఖాలీ ఉన్నది. నీ తల్లికైతే గిట్లనే ఉత్తగ కుట్టిచ్చి తోల్కొస్తుంటివా?" అంది యమునాబాయి.

ఈ ఇంట్లో ఏది కనబడకపోయినా అందరి చూపూ నమ్రత మీదికే. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు మాట పడ్డచోట ఏమీ తెలియదు, పన్ను పీకే ముందు సూది వేసిన చిగుళ్ళలాగ. ఈ రకం స్క్రూ ఎక్స్‌రేలో కనబడదని నిన్ననే చెప్పింది. మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు.

లేని స్క్రూకు బూటెందుకని గొణుగుతూ యమునాబాయి గోడ పట్టుకుని లేచింది. బీడీలు చుట్టే చాట దగ్గరికి పోదామని కోతపడ్డ కాలు ముందుకు వేయబోయింది. నమ్రత గభాలున చంక కింద దూరి ఆ బరువంతా తన భుజం మీదికి తీసుకుంది. ఇద్దరూ గోడవారగా జారి కూర్చున్నారు. పాదం నేలకు తగలలేదు.

"మా అమ్మకైతే స్టీలుదే ఏయిస్తుంటి," అంది నమ్రత. ఆ గొంతులో కోపం కూడా లేదు. "అది బాధ పెడ్తే మళ్ల కోసి తీయాలెనట. ఆపరేషన్ ముంగట నా చెయ్యి పట్కోని ఏమన్నవ్ అత్తమ్మా? ఇంకోసారి కొయ్యనియ్యకు బిడ్డా అన్నవ్. అందుకే కరిగేది అడిగిన."

యమునాబాయి కాలు మెల్లగా బూటు వైపు చాపింది. ఆవేళ కన్నకొడుకు పక్కనే ఉన్నా, ఆమె పట్టుకున్నది కోడలి చేతినే.

"భయమైంది. గిప్పుడు గూడ భయమే. బీడీలు చుట్టని ముసల్దానికి ఇంట్ల ఏం కిమ్మత్ ఉంటది?"

నమ్రత బూటు తొడిగింది. పట్టీ బిగించబోతే చేతిమీద కన్నీటి చుక్క పడింది. తను ఏడుస్తున్న సంగతి తనకే ఆలస్యంగా తెలిసింది. యమునాబాయి వంగి పట్టీ తనే బిగించుకుని, కొంగుతో కోడలి మొహం తుడిచింది.

"ఏడువు బిడ్డా," అంది. "శాన రోజులాయె, నువ్వు ఏడ్వక."