అమ్మకానికి పనికిరానివి

సెలవులు దగ్గరపడ్డాయి. చుట్టాలకి కానుకలు కొనేవాళ్ళు పొద్దున్నే కుమ్మరి ఇంటికి వచ్చేస్తున్నారు. ముందుగదిలో బల్లల నిండా కప్పులు, పళ్ళాలు, కూజాలు. ఆయన ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి చూపిస్తాడు. ఖంగుమంటుంది. కొనేవాళ్ళు మురిసిపోతారు.

ఖంగుమననివి వంటింట్లోకి పోతాయి. అంచు పెచ్చు లేచినవి, బట్టీలో వంగిపోయినవి, రంగు పాకినవి, అన్నీ అక్కడికే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన భార్య తింటున్నదీ తాగుతున్నదీ వాటిలోనే. పళ్ళాలకి పువ్వులు వేసేది ఆవిడ. పువ్వు కుదిరితే ఊళ్ళోవాళ్ళకి, చెడితే ఆవిడకి. ఇదేం న్యాయమని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

పట్నంలో ఉద్యోగం చేసే కూతురు ముందురోజే వచ్చింది. వస్తూ వస్తూ సెలవుల సంతలో తిరిగి స్నేహితురాళ్ళకి బుట్టలు, చెక్క దువ్వెనలు కొంది. తల్లికి ఒక కప్పు కొంది. ఆ పొద్దున అందులోనే టీ పోసి ఇచ్చింది.

చుట్టడానికి పాత కాగితాలు కావాలని తండ్రి వంటింట్లోకి వచ్చాడు. కప్పు చూశాడు.

"ఇది వంతెన దగ్గర పొట్టాయన చేసింది కదూ?"

"అవును నాన్నా."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఇన్ని ఉండగా ఆ పొట్టాయన దగ్గర చెయ్యి చాపుతావా అన్నాడు. సంతలో అందరూ చూసే ఉంటారని, రేపు తను బజారులో తలెత్తుకు తిరగాలా వద్దా అని దులిపేశాడు. కూతురు అంతా విని, మెల్లగా అంది.

"కిందటేడు నీలం పువ్వుల కప్పు అమ్మకి ఇద్దామని తీశాను. అది అమ్ముడుపోయేది, అక్కడ పెట్టెయ్ అన్నావు. పిడి విరిగినదాన్ని చూపించి ఇది ఇవ్వమన్నావు."

"ఇంట్లోకి ఏదైతేనేమే? బయటికెళ్ళేది బాగుండాలి. మన పేరు దాని మీదేగా ఉంది."

అంతవరకూ టీ తాగుతున్న తల్లి కప్పు దించింది.

"పేరు మీకు, పెంకులు నాకు" అంది. "నా పెదవి ఎన్నిసార్లు తెగిందో మీకు తెలుసా? కొనేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుందని కూచుని అంచులు రుద్దుతారు. నాకు పంపేవి ఒక్కనాడైనా రుద్దారా? ఆ ముందుగదిలో నిలబడ్డావిడ మీకేమవుతుంది? నేనేమవుతాను?"

ఆవిడ గొంతు పెంచలేదు. అదే ఆయనకి భరించరానిదైంది. కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ముందుగదిలో ఒకావిడ పెద్ద పళ్ళెం పట్టుకుని అంచు చుట్టూ వేలు తిప్పుతోంది. చేతికేమీ తగలదు కదా అని అడిగింది. ఆయన తనే ఆ అంచు తడిమి చూశాడు. ఆ పళ్ళెం తీసుకుని, ఇది అమ్మనమ్మా అన్నాడు. బల్ల మీద పెట్టి అమ్మకపోవడమేమిటని ఆవిడ మండిపడింది. నిజమేనమ్మా, తప్పు నాదే అన్నాడు. పళ్ళెం మాత్రం ఇవ్వలేదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు దాన్ని భార్య ముందు పెట్టాడు. ఆవిడ తిరగేసి చూసింది. అంచు తడిమింది. అడుగు తడిమింది.

"ఎక్కడ చెడింది?"

"ఎక్కడా చెడలేదు."

ఆవిడ నమ్మలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో పెట్టి పగులు కోసం మళ్ళీ వెతికింది. ఎంతకీ దొరకలేదు. ఆ వెతకడం చూడలేక ఆయన తల దించుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే కూతురు లేచి నీళ్ళు ఇచ్చింది.

భార్య వచ్చి పక్కన కూచుంది.

"చాల్లెండి. లేవండి. ఇంకోటి పట్టుకురండి, పిల్లకి" అంది.

ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు.